సగం అద్దె, తొమ్మిదో భాగం: రెండు టీ కూజాలు

గత వారం మనం గ్లెనిస్ హార్కర్‌ను వంటగదిలో ఎత్తు పీట మీద నిలబెట్టి వదిలేశాం. ఒక చేత్తో అలమర అంచు పట్టుకుని, రెండో చేత్తో దాని నెత్తిమీదినుంచి ఏళ్ల తరబడి ఎవరూ ముట్టని పింగాణీ టీ కూజాను దించుతోంది. ఆమె పడితే పట్టుకోవడానికి నెవిల్ స్ట్రాకర్ కింద చేతులు చాచి నిలబడ్డాడు. చేతులు చాచి ఉంచుతూనే, ఆ కూజాను దించడం ఎందుకు తప్పో వాదిస్తున్నాడు.

సంగతి గుర్తుండే ఉంటుంది. ఉత్తర సముద్రం ఒడ్డున థార్న్‌సీ ఊళ్లో వీళ్లిద్దరూ రెండేళ్లుగా ఒకే ఇంట్లో అద్దెకుంటున్నారు. ఒప్పందం మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి; అద్దె చెరిసగం. బస్సు డ్రైవరుగా రిటైరైన నెవిల్ తన సగాన్ని పింఛనులోంచి కట్టుకుంటాడు. బడి వంటశాలలో పనిచేసి రిటైరైన గ్లెనిస్‌కు అంత స్తోమత లేదు గనుక, ఆమె సగానికి ఊరి కౌన్సిల్ అద్దె సాయం ఇస్తోంది. ఇద్దరు స్నేహితులు ఇల్లు పంచుకుంటే ఎవరి లెక్క వారిదే. అదే ఇద్దరూ దంపతుల్లా బతుకుతున్నారని తేలితే లెక్క ఒక్కటవుతుంది, నెవిల్ పింఛను ఆమె రాబడి కింద చేరిపోతుంది, సాయం ఆగిపోతుంది. పేరు చెప్పని మనిషి ఎవరో కౌన్సిల్‌కు ఫోన్ చేసి, వీళ్లు దంపతులేనని చెప్పారు. అందుకని ఇవాళ విచారణకు మనిషి వస్తోంది.

"ఉన్నది ఉన్నట్టు చూపిస్తే దాన్ని సాక్ష్యం అంటారు. లేనిది అమర్చి చూపిస్తే నాటకం అంటారు," అన్నాడు నెవిల్, కూజా అందుకుంటూ.

"నాటకమే అనుకో. నీకిచ్చింది మాటల్లేని వేషం. నోరు మూసుకుని నీ కూజాలోది నువ్వు తాగు, చాలు."

"దీన్లో సాలెపురుగు ఉంది."

"కడిగితే పోతుంది."

"పోవడం గురించి కాదు గ్లెన్. ఆ జీవి ఇక్కడ ఎన్ని తరాల కాపురం చేసిందో చూస్తే, ఈ కూజాను నేను రోజూ వాడుతున్నానని ఎవరైనా నమ్ముతారా?"

గ్లెనిస్ పీట దిగి, గరిటె తీసి, కుళాయి గొట్టం మీద ఒక్కసారి టంగుమని కొట్టింది. నెవిల్ మాట అక్కడికక్కడే ఆగిపోయింది.

ఆ ఒక్క దెబ్బకు యాభై ఏళ్ల చరిత్ర ఉంది. గ్లెనిస్ ఇరవయ్యేళ్ల వయసులో థార్న్‌సీ బస్సుల్లో కండక్టరు. నెవిల్ ఆమె బస్సుకు డ్రైవరు. ఆనాటి రెండంతస్తుల బస్సులో డ్రైవరుకు ఇంజను పక్కన విడిగా ఒక అద్దాల గూడు ఉండేది. అందులో కూర్చున్నవాడికి వెనక కండక్టరు ఏమంటున్నదీ వినపడదు. ఇద్దరి మధ్యా గంట ఒక్కటే భాష. ఒకసారి మోగితే ఆగమని. రెండుసార్లు మోగితే పొమ్మని. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆ రెండు ముక్కలతోనే కలిసి పనిచేసిన మనుషులకు, రిటైరైన తరవాత కూడా ఆ అలవాటు పోలేదు. చర్చి హాల్లో క్విజ్ పోటీ జరిగేటప్పుడు నెవిల్ పాదిరిగారితో సృష్టి గురించి వాదం మొదలుపెడితే గ్లెనిస్ కప్పు మీద చెంచాతో ఒక్కటి కొడుతుంది. అతను ఆగుతాడు. తోటలో నిలబడి ఏ మొక్క పీకాలో తేల్చుకోలేకపోతే కిటికీ అద్దం మీద రెండు కొడుతుంది. అతను పీకేస్తాడు.

నెవిల్‌కు దేవుడి మీద నమ్మకం లేదు. అబద్ధమాడే అలవాటూ లేదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతాయో చర్చికి వెళ్లేవాళ్లకు అంతుపట్టేది కాదు. గ్లెనిస్‌ను ఇవాళ భయపెడుతున్నది ఆ రెండో లక్షణమే. కౌన్సిల్ మనిషి అడిగే ప్రశ్నలకు ఆమె జవాబులన్నీ వల్లెవేసి పెట్టుకుంది. నెవిల్‌చేత వల్లెవేయించబోతే మాత్రం, "ప్రశ్న వినకుండా జవాబు ఎలా తెలుస్తుంది?" అని కూర్చున్నాడు.

"నిన్న థెల్మా ఫోన్ చేసింది," అంది గ్లెనిస్ కూజా తుడుస్తూ. థెల్మా ఆమె చెల్లెలు, గూల్ పట్నంలో ఉంటుంది; తాగేసిన కప్పులో మిగిలిన టీ ఆకులు చూసి జోస్యం చెబుతుంది. "దాని కప్పులో టీ ఆకులు సంచీ ఆకారంలో తేలాయట. తెలియని మనిషి సంచీ పట్టుకుని మన గడపలోకి వస్తుందిట."

"వస్తుందని నువ్వే చెప్పావుగా దానికి, మొన్న."

"అవుననుకో."

"ఆకులకంటే ముందు నువ్వే చెప్పావు. మీ చెల్లెలి జోస్యాలన్నీ ఇంతే. నీ నోటినుంచి బయల్దేరి, కప్పులో ఓ మునక వేసి, మళ్లీ నీ చెవికే చేరతాయి."

గ్లెనిస్‌కు నవ్వొచ్చింది. కానీ థెల్మా పేరు చెప్పుకోగానే థెల్మా ఇల్లు గుర్తొచ్చింది. అందులో ఇస్త్రీబల్లకూ పాత సూట్‌కేసులకూ మధ్య మడత మంచం పట్టేంత గది. అద్దె సాయం ఆగిపోతే తను చేరవలసిన చోటు అదే. "నా పింఛనులో ఇద్దరం సర్దుకుందాం" అని నెవిల్ పోయిన నెలలోనే అన్నాడు. ఆమె కప్పు మీద ఒక్కటి కొట్టింది. ఎందుకో అతనికీ తెలుసు. ఆమెను కట్టుకుని కొన్నేళ్లకు వదిలేసి వెళ్లిన రాయ్, కాపురం చేసిన ప్రతి శుక్రవారం ఇంటిఖర్చు చేతిలో పెట్టి, మర్నాడు బంగాళాదుంపల ధర దగ్గర్నుంచి అడిగేవాడు. రాయ్ వెళ్లిపోయిన రోజున గ్లెనిస్ ఏడవలేదు. ఇంకెప్పుడూ ఒక మగవాడి దయమీద నిలిచే ఇంటికప్పు కింద పడుకోకూడదని మాత్రం నిర్ణయించుకుంది. ఈ ఇంటి తాళాల్లో సగం తనది. ఆ సగాన్ని తన హక్కుతో తను కట్టుకుంటోంది. దాన్ని పోగొట్టుకోవడమంటే గోడలను పోగొట్టుకోవడం కంటే ఎక్కువే.

తలుపు తట్టిన చప్పుడైంది.

వచ్చినామె పేరు జోసీ బ్లెంకిన్. నలభై దాటిన మనిషి, బొద్దుగా ఉంది; సముద్రం మీదినుంచి కమ్ముకొచ్చిన మంచుకు కోటంతా తడిసిపోయింది. నిజంగానే పెద్ద సంచీ ఉంది. నెవిల్ సంచీ వంకా గ్లెనిస్ వంకా చూసి ఏదో అనబోయి, ఆమె చూపు చూసి మానుకున్నాడు.

"కాళ్లు కొంకర్లు పోతున్నాయండీ. కాస్త ఈ గ్యాసుపొయ్యి పక్కన కూర్చోనా?"

"కూర్చో తల్లీ, కూర్చో. ఆ కోటు ఇలా ఇయ్యి."

జోసీ కుర్చీలో సర్దుకుని కాగితాలు తీసింది. గ్లెనిస్ బల్లమీద తన గోధుమరంగు కూజా ఒక చివర పెట్టింది. పింగాణీ కూజాను రెండో చివర, నెవిల్ ముందు పెట్టింది. టీ చల్లారకుండా రెండింటికీ ఊలు తొడుగులు తొడిగింది. మధ్యలో బిస్కెట్ల పళ్లేలు కూడా రెండు. జోసీ ఆ ఏర్పాటు వైపు ఒకసారి చూసి, కనుబొమ్మ కొంచెం పైకెత్తి, విచారణ మొదలుపెట్టింది.

మొదట అడిగినవి తేలిక ప్రశ్నలు. అద్దె ఎవరు కడతారు? చెరో సగం, ఎవరిది వాళ్లు. బ్యాంకు ఖాతాలు? వేరువేరు. కరెంటు? దానికీ చెరో సగమే. గ్లెనిస్ జవాబులు ప్రశ్నలకంటే ఒక అడుగు ముందే పరిగెడుతున్నాయి.

"పైన గదులు చూపిస్తాను, రా తల్లీ. రెండూ రెండు మూలల్లో ఉంటాయి. మధ్యలో స్నానాలగది."

"వద్దండీ. పడకగదుల జోలికి మేము వెళ్లం. అడగం, చూడం."

గ్లెనిస్ ముఖం వాడిపోయింది. తన మంచానికి కొత్త దుప్పటి కొని, నెవిల్ గదిలో పుస్తకాల దుమ్మంతా దులిపి, రెండు తలుపులూ బార్లా తెరిచి ఉంచింది. "ఊరికే పైపైన కూడా చూడవా?" అంది.

"చూడకూడదండీ. మీరు చూపించినా సరే." జోసీ నవ్వు ఆపుకుంది. "కానీ ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఈ రెండు కూజాలేమిటి?"

"నాది నాకు. ఆయనది ఆయనకు. మాది ఎప్పుడూ అంతే."

జోసీ కాగితాల మీద కలం పెట్టేసి, గ్లెనిస్ కళ్లలోకి సూటిగా చూసింది.

"నేను పుట్టింది ఇక్కడే, చేపల రేవు వెనక వీధిలో. మా నాయనమ్మా మా తాతయ్యా ఏదో కుక్కపిల్ల గురించి గొడవపడి చచ్చేదాకా ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకోలేదు. ఏం కావాలన్నా మాచేత చెప్పించుకునేవాళ్లు. 'మీ తాతకు చెప్పు, ఇల్లు తగలబడుతోందని' అన్నంతవరకూ వెళ్లింది వ్యవహారం. కానీ టీ మాత్రం ఒక్క కూజాలోంచే పోసుకునేవాళ్లు. థార్న్‌సీలో ఇద్దరు మనుషులకు రెండు కూజాల టీ కాచే ఇల్లు నేను ఇంతవరకూ చూళ్లేదండీ గ్లెనిస్ గారూ. బద్ధశత్రువులు కూడా కాయరు."



నెవిల్ తన కప్పులోకి చూశాడు. పైన సన్నటి దుమ్ముపొర తేలుతోంది. "నేను ముందే—" అని మొదలుపెట్టాడు.

చెంచా కప్పుకు తగిలింది, ఒక్కసారి. నెవిల్ ఆగాడు.

"అదేమిటి?" అంది జోసీ.

"ఏది తల్లీ?"

"మీరు అలా కొట్టగానే ఆయన ఇలా ఆగిపోయారు. స్విచ్చు నొక్కినట్టు."

గ్లెనిస్ చెవులు ఎర్రబడ్డాయి. వల్లెవేసిన జవాబుల్లో ఈ ప్రశ్న లేదు. నెవిల్ ఆమె అనుమతి కోసం చూశాడు. ఆమె నిట్టూర్చి, చెంచాతో రెండుసార్లు కొట్టింది.

దాంతో నెవిల్ ఆ బస్సు గురించి, అద్దాల గూడు గురించి, గంటల గురించి జోసీకి చెప్పాడు. అతను ఏది చెప్పినా క్రమంగా, మధ్యలో ఏ మలుపూ వదలకుండా చెబుతాడు. జోసీ వింటూ వింటూ లేచి, పింగాణీ కూజాలోని టీని తనే తొట్టిలో పారబోసి, గోధుమరంగు కూజాలోంచి ముగ్గురికీ పోసింది. నెవిల్ కప్పు అతని ముందు పెట్టి, గ్లెనిస్ పక్కన తన కుర్చీని కాస్త దగ్గరికి లాక్కుంది.

"చూడండమ్మా. స్నేహితులు ఒక కూజాలో టీ తాగకూడదని ఏ రూల్లోనూ లేదు. ఒక పొయ్యి మీద వండుకోకూడదనీ లేదు. నేను దొంగల్ని పట్టుకోవడానికి రాలేదు. మీరెలా బతుకుతున్నారో చూసి, చూసింది రాసిస్తాను. తీర్పు ఆఫీసులో వాళ్లది. కానీ మీరు ఒకటి దాస్తే, మిగతావన్నీ కూడా దాస్తున్నారేమో అని నేను రాయాల్సొస్తుంది. అది మీకు మంచిది కాదు. ఇప్పుడు మళ్లీ మొదటినుంచి చెప్పండి. కూజాలు లేకుండా."

గ్లెనిస్ నెమ్మదిగా చెప్పింది. నిజం చెప్పడం మొదలుపెట్టాక, అది అంత కష్టంగా లేదనీ, కాకపోతే కొంచెం సిగ్గుగా ఉందనీ ఆమెకు తెలిసింది. శుక్రవారం వేయించిన చేపలమ్మే దుకాణంలో ఒక పెద్ద చేప కొని ఇద్దరూ కోసుకుంటారు; అక్కడ చిన్నవి వేయించరు గనక. ఆదివారం మాంసం ఒకే పొయ్యిలో పెడతారు. ఇద్దరికీ రెండు పొయ్యిలు వెలిగించడం దండగ గనక. అతని చొక్కాలు తన బట్టలతో కలిపి ఉతుకుతుంది. యంత్రం సగం ఖాళీగా తిరగడం ఆమెకు నచ్చదు గనక.

"నీ తుంటి సంగతి కూడా చెప్పు," అన్నాడు నెవిల్.

"అదెందుకిప్పుడు?"

"ఆవిడ మొదటినుంచి చెప్పమన్నారు."

తుంటి ఎముక ఆపరేషనైన తరవాత గ్లెనిస్ కొన్ని వారాలు ముందుకు వంగలేకపోయింది. కాళ్లకు బిగుతు మేజోళ్లు తొడుక్కోమన్నారు డాక్టర్లు. ఆ మేజోళ్లు వేసే పని నెవిల్ చేశాడు. రోజూ పొద్దున్నే మోకాళ్ల మీద కూర్చుని, కళ్లు పైకప్పు వైపు పెట్టి, ఆనాటి వాతావరణం గురించి ఉపన్యాసం ఇస్తూ తొడిగేవాడు. కళ్లు పైన ఉండటంవల్ల ఎన్నోసార్లు మేజోడు మడమ భాగం ముందుకొచ్చేది.

"ఓసారి రెండూ ఒకే కాలికి తొడిగాడు తల్లీ."

"ఆ రోజు తుపాను హెచ్చరిక ఉంది. నా ధ్యాస అటుంది."

జోసీ పగలబడి నవ్వి, కళ్లు తుడుచుకుని, రాసుకుంది. "అది తోడుండి చేసిన సేవండీ. అలాగే రాస్తాను." గ్లెనిస్ బిస్కెట్ల పళ్లెం ఆమె వైపు జరిపింది. ఈ పిల్ల మంచిది. బహుశా గట్టెక్కుతామేమో.

"నెవిల్ గారూ, మీకేదైనా ఆపద వస్తే ఆసుపత్రివాళ్లు ఎవరికి ఫోన్ చేయాలి? ఎవరి పేరు ఇచ్చారు?"

"గ్లెన్‌ది."

గ్లెనిస్ తలెత్తింది. "నాదా? కార్డిఫ్‌లో నీ తమ్ముడున్నాడుగా?"

"వాడు ఫోన్ ఎత్తడు."

"ఎప్పుడిచ్చావు నా పేరు?"

"షీలా పోయినప్పుడు." షీలా నెవిల్ భార్య. ఆమె పోయి చాలా ఏళ్లయింది. వీళ్లు ఈ ఇల్లు తీసుకోకముందు సంగతి అది. "నువ్వేమంటావోనని చెప్పలేదు. నిన్ను ఇందులో ఇరికించాలని కాదు. కాగితంలో ఆ గడి ఖాళీగా వదలొద్దన్నారు. నాకు తోచింది ఒక్క పేరే."

గ్లెనిస్ తన కప్పు చెవిని అటూ ఇటూ తిప్పింది. ఇన్నేళ్లూ ఎక్కడో ఒక ఆసుపత్రి అలమరలో తన పేరు అతని పేరు పక్కన ఉందన్నమాట. ఆ సంగతి తనకు ఏ ఇబ్బందీ కలిగించలేదని ఆమెకు ఆశ్చర్యంగా తెలిసొచ్చింది.

జోసీ ఒక పేజీ తిప్పింది. ఈసారి గొంతు కొంచెం జాగ్రత్తగా వచ్చింది.

"ఇక ఒక్కటే మిగిలింది. ఇది ఇద్దరినీ అడగాలి. మీరిద్దరూ జంట అని మీరు అనుకుంటున్నారా?"

"లేదు," అంది గ్లెనిస్. ప్రశ్న చివరి మాట ఇంకా గాల్లోనే ఉంది.

"నెవిల్ గారూ?"

"జంట అంటే మీ రూల్స్ ఏమంటున్నాయండీ?"

గ్లెనిస్ కళ్లు మూసుకుంది. నిన్నటినుంచి ఆమె భయపడిన క్షణం ఇదే.

"ఒక్క నిర్వచనం అంటూ లేదండీ. మొత్తం మీద చూస్తాం. ఒక కాపురంలా ఉన్నారా, డబ్బు కలిపి వాడుతున్నారా, ఎన్నాళ్లనుంచి, ఊళ్లో ఎలా తెలుసు, ఇలాంటివన్నీ."

"మనసులో ఏముందన్నది?"

"అది... మీరు చెబితే రాసుకుంటాను."

చెంచా కప్పుకు తగిలింది. ఒక్కసారి, గట్టిగా. ఏ క్విజ్ పోటీలోనూ, ఏ విందులోనూ కొట్టనంత గట్టిగా. నెవిల్ నోరు అలవాటుకొద్దీ మూసుకుంది. అతని కుడికాలు బల్లకింద నేలను నొక్కడం గ్లెనిస్ చూసింది. బ్రేకు మీద కాలు అది.  తరవాత ఆ కాలు పైకి లేచింది.

"ఈసారి ఆగను గ్లెన్," అన్నాడు. "క్షమించు."

యాభై ఏళ్లలో అతను ఆమె ఆగమన్న గంటను దాటుకుని వెళ్లడం అదే మొదటిసారి.

"నన్ను సూటిగా అడిగారు," అన్నాడు జోసీ వైపు తిరిగి. "'లేదు' అంటే అది నా వరకు నిజం కాదు. 'అవును' అన్నా నిజం కాదు, ఎందుకంటే జంటకు ఇద్దరు కావాలి. ఆమెను నేనెప్పుడూ అడగలేదు. ఆమె ఎప్పుడూ నాకు చెప్పలేదు. డబ్బు విషయం, గదుల విషయం, ఆమె చెప్పిందంతా అక్షరాలా నిజం. మేము ఇల్లు పంచుకునే స్నేహితులం. దానికి మించి మా మధ్య ఏదీ జరగలేదు. కానీ నా మనసులో ఏమీ లేదని నా చేత రాయించకండి. అదొక్కటి అబద్ధమవుతుంది."

"నెవ్..."

"పూర్తిచేయనీ. మధ్యలో ఆపితే సగం అర్థంతో మిగిలిపోతుంది, అది ఇంకా ప్రమాదం." అతని గొంతు వాతావరణం గురించి చెప్పినంత నింపాదిగానే ఉంది, చేతులు మాత్రం కప్పును వదలడం లేదు. "కండక్టర్లను తీసేసి డ్రైవరే టిక్కెట్లు కొట్టే బస్సులు తెచ్చినప్పుడు, నీ ఆఖరి రోజు గుర్తుందా? లైట్‌హౌస్ స్టాపులో గంట రెండుసార్లు కొట్టావు. బస్సు కదల్లేదు."

గ్లెనిస్‌కు గుర్తుంది. మళ్లీ రెండు కొట్టింది. అయినా కదల్లేదు. జనం గొణిగారు. ఆమె దిగి, వాన్లో తడుస్తూ ముందుకు వెళ్లి అద్దాల గూటి కిటికీ తట్టింది. ఇంజను మొరాయించిందన్నాడు. ఆ తరవాతి నెల ఆమె పెళ్లి, రాయ్‌తో.

"ఇంజను బాగానే ఉంది," అన్నాడు నెవిల్. "నేనే కదల్లేదు. కదిలితే డిపో వస్తుంది. డిపో వస్తే నువ్వు దిగిపోతావు. నా జీవితంలో తెలిసి ఆడిన అబద్ధం అదొక్కటే. దానిమీద ఇంకొకటి పెట్టాలని లేదు."

జోసీ బ్లెంకిన్ కలం కాగితం మీద ఆగిపోయి ఉంది. కౌన్సిల్ ఆమెకిచ్చిన శిక్షణలో ఇలాంటి జవాబుకు గడి ఉండి ఉండదు. ఆమె ముక్కు ఎగబీల్చి, దానికి సముద్రపు మంచే కారణమన్నట్టు చేతిరుమాలు తీసుకుంది.

గ్లెనిస్ నెవిల్‌నే చూస్తోంది. నెరిసిన కనుబొమ్మలు, ఒక పక్క ఎప్పుడూ మడతపడే చొక్కా కాలరు. ఆ మడత తను ఇస్త్రీ చేసేటప్పుడు పడిందే. కోపం రావాలి. వచ్చింది కూడా, ఒక్క క్షణం. ఇల్లు నిలబెట్టుకోవడానికి ఒక్క 'లేదు' అనలేడా ఈ మనిషి? అంతలో ఆ కోపం కింద ఇంకేదో కదిలింది. ఆ రోజు వాన్లో కిటికీ తట్టినప్పుడు ఇంజను గుడగుడమంటూనే ఉంది. అది ఆమె చెవులారా విన్నది. మొరాయించిన ఇంజను అలా మోగదని ఏ కండక్టరుకైనా తెలుసు. తనకూ తెలుసు. తెలిసే వెనక్కి వెళ్లి, మళ్లీ గంట రెండుసార్లు కొట్టింది.

"సరేనండీ," అంది జోసీ చివరికి, చాలా మెల్లగా. "ఒక్కరి మనసులో ఉన్నంత మాత్రాన జంట అయిపోరు నెవిల్ గారూ. ఇంట్లో ఎలా ఉంటున్నారన్నదే మాకు ముఖ్యం. మీరు చెప్పిన దానివల్ల ఆవిడ సాయం ఆగదు. ఆ మాట మాత్రం ధైర్యంగా చెప్పగలను."

నెవిల్ భుజాలు కిందికి దిగాయి.

"కానీ," అంది జోసీ, గ్లెనిస్ వైపు తిరిగి, "ఇందాక మీరు 'లేదు' అన్నది ఈ మాటలేవీ వినకముందు. ఇప్పుడు విన్నారు. నేను మళ్లీ అడక్క తప్పదమ్మా. మీరు ఆ మాట మీదే ఉంటే అలాగే రాస్తాను, సంతకం పెట్టించుకుని వెళ్లిపోతాను. మీరు కూడా ఆయనలాగే అంటే మాత్రం... అది వేరే సంగతి అవుతుంది. అప్పుడు ఆఫీసులో వాళ్లు ఏం తేలుస్తారో నేను చెప్పలేను. తొందరేం లేదు. టీ ఇంకా వేడిగానే ఉంది."

"గ్లెన్," అన్నాడు నెవిల్. "'లేదు' అను. అదే నిజమైతే హాయిగా అను. నేనేమీ అనుకోను. రేపు పొద్దున కూడా నా చొక్కాల గురించి నువ్వు తిడుతూనే ఉంటావు, నేను వింటూనే ఉంటాను. నేను చెప్పింది నా సగం. నీ సగం ఎప్పుడూ నీదే."

కిటికీ బయట మంచు ఇంకా విడలేదు. లైట్‌హౌస్ ఉన్న దిక్కున ఏమీ కనపడటం లేదు. గ్లెనిస్ ఈ చిన్న గదినంతా ఒకసారి కలయజూసింది: తన కుర్చీ, తన కిటికీ, గుమ్మం పక్క మేకుకు వేలాడుతున్న తన తాళాలు, వాటి పక్కనే వేరే మేకుకు అతనివి. థెల్మా ఇంట్లో మడత మంచం గుర్తొచ్చింది. శుక్రవారాలు డబ్బు పెట్టే రాయ్ చెయ్యి గుర్తొచ్చింది. 'లేదు' అన్న మాట నాలుక చివరే ఉంది. చిన్న మాట. ఎన్నోసార్లు వల్లెవేసిన మాట. ఆ మాట అనేస్తే ఇల్లు నిలుస్తుంది.

నోరు తెరిచింది. మాట రాలేదు.

ఆమె చెయ్యి బల్లమీద వెతుకుతూ వెళ్లి చెంచాను పట్టుకుంది. జోసీ కలం గాల్లోకి లేచింది. నెవిల్ రెండు అరచేతులూ బల్లకు ఆనించి, ఎదురుగా ఉన్న గోడవైపు తిరిగిపోయాడు. డ్రైవరు వెనక్కి తిరిగి చూడకూడదు. గంట ఒకటా, రెండా అని వినాలి, అంతే.

చెంచా కప్పుకు తగిలింది.

ఒకటి.

నెవిల్ కళ్లు మూసుకుని, తల ఊపాడు. ఆగమంటే ఆగాలి. గదిలో ఆ చప్పుడు సన్నగిల్లి, సన్నగిల్లి, గ్యాసుపొయ్యి బుసలో కలిసిపోయింది. జోసీ కాగితం మీదికి వంగింది.

గ్లెనిస్ మాత్రం చెంచాను ఇంకా కింద పెట్టలేదు.